ఉపగ్రహాల దారి గాలిపొరల్లోనే

హుగ్లీ నది పడమటి ఒడ్డున, కలకత్తా మహానగరానికి ఎదురుగా ఉన్న షాలిమార్ స్టేషన్ చిరకాలం సరకు రవాణాకే పేరుపడింది. నేడు తెలుగు నేల పొడవునా సాగి చెన్నై చేరే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ అక్కడి నుంచే బయలుదేరుతున్నది. ఆ మార్గం పొడవు సుమారు 1,660 కిలోమీటర్లు. దానిని పట్టాలతో సహా పైకెత్తి భూమిపై నిట్టనిలువుగా నిలబెట్టగలిగితే, అంతరిక్షం గురించి సామాన్యులకే కాదు, విధాన నిర్ణేతలకు సైతం ఉన్న ఒక పెద్ద అపోహ తొలగిపోతుంది. ఉపగ్రహాలు, వ్యోమనౌకలు వాతావరణాన్ని పూర్తిగా వదలిపెట్టి, గాలి అనేదే లేని శూన్యంలో తిరుగుతాయన్నదే ఆ అపోహ. వాస్తవం వేరు. భూమికి సమీప కక్ష్యలో ఉన్న ప్రతి ఉపగ్రహం వాతావరణపు పై పొరల్లోనే తిరుగుతున్నది. ఆ పొరలను అర్థం చేసుకోకుండా వేల కోట్ల రూపాయల అంతరిక్ష ఆస్తులను కాపాడుకోవడం గాని, వాటివల్ల కలిగే ప్రమాదాలను నివారించడం గాని సాధ్యం కాదు.

నిలువుగా నిలిపిన ఈ రైలు మార్గంలో షాలిమార్ సముద్రమట్టం అనుకుందాం. మేఘాలు, వానలు, తుపానులు, విమానాలు అన్నీ ట్రోపో ఆవరణానికి చెందినవి. ఉష్ణమండలంలో దాని ఎత్తు 16 నుంచి 18 కిలోమీటర్లు. అంటే బండి సంత్రాగచ్చి దాటిన కొద్దిసేపటికే ఆ పొర ముగిసిపోతుంది. మొత్తం వాతావరణం బరువులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆ కొద్ది దూరంలోనే ఒదిగి ఉంది. ఓజోను కవచం గల స్ట్రాటో ఆవరణం 50 కిలోమీటర్ల వరకు వ్యాపించి ఉంటుంది. కోలాఘాట్ వద్ద రూప్‌నారాయణ్ నది వంతెన చేరకముందే అదీ ముగుస్తుంది. ఆపైన మీసో ఆవరణం. పాంశ్‌కురా దాటి 80, 90 కిలోమీటర్లకు చేరేసరికి దాని పై అంచు వస్తుంది. ఆకాశంలో రాలే ఉల్కలు అత్యధికం మండి మసైపోయేది ఈ పొర పరిసరాల్లోనే.

అక్కడి నుంచి మొదలయ్యేది థర్మో ఆవరణం. తెలుగు పాఠ్యపుస్తకాలు దీనినే ఉష్ణావరణమని కూడా పేర్కొన్నాయి. దాని పై సరిహద్దు స్థిరమైనది కాదు. సూర్యుడు ప్రశాంతంగా ఉన్న సంవత్సరాల్లో 500 కిలోమీటర్ల దగ్గర, ఉగ్రరూపం దాల్చిన సంవత్సరాల్లో 1,000 కిలోమీటర్ల వరకు అది పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగే ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు. రైలు మార్గంలో అది కటక్ పరిసరాలతో సమానం. అంటే 2025లో శుభాంశు శుక్లా వెళ్లి వచ్చిన ఆ కేంద్రం ఉన్నది థర్మో ఆవరణం నడిమధ్యలోనే. భారత, అమెరికా అంతరిక్ష సంస్థలు కలిసి 2025 జులైలో శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నైసార్ ఉపగ్రహం ఎత్తు సుమారు 747 కిలోమీటర్లు. ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఇంచుమించు అంతే దూరం. థర్మో ఆవరణం పైన ఉన్నది ఎక్సో ఆవరణం. అక్కడి అణువులు ఒకదానికొకటి తగలడమే అరుదు. దూరదర్శన్ ప్రసారాలకు, తుపాను చిత్రాలకు ఆధారమైన భూస్థిర ఉపగ్రహాలు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. షాలిమార్ నుంచి చెన్నైకి ఉన్న దూరానికి అది ఇరవై ఒక్క రెట్లకు పైమాటే. అక్కడ మాత్రం గాలి నిరోధం ప్రసక్తి లేదు.

కలకత్తా వేసిన బాట

ఈ పొరల గురించిన జ్ఞానం పరాయి దేశాల నుంచి మాత్రమే వచ్చిందనుకోవడం పొరపాటు. కలకత్తా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడైన శిశిర్ కుమార్ మిత్రా 1930 దశకం తొలినాళ్లలోనే రేడియో తరంగాలను పైకి పంపి, తిరిగి వచ్చే ప్రతిధ్వనుల ఆధారంగా అయనావరణంలోని ఇ-పొర ఉనికిని పరిశీలించారు. 1947లో ఆయన రాసిన ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ అనే ఉద్గ్రంథాన్ని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీయే ప్రచురించింది. సోవియట్ యూనియన్ తొలి స్పుత్నిక్‌ను ప్రయోగించింది 1957 అక్టోబర్ 4న. అంటే ఉపగ్రహమన్నదే లేని కాలంలో, ఉపగ్రహాలు తిరగబోయే ఆవరణం గురించిన సమగ్ర గ్రంథం హుగ్లీ తీరం నుంచి వెలువడింది. ఆయన పేరును చంద్రునిపై ఒక బిలానికి పెట్టారు. నదియా జిల్లా హరింఘటాలోని అయనావరణ పరిశోధన కేంద్రం ఆ సంప్రదాయానికి చెందినదే.

అదే రైలు మార్గంలో తెలుగువారి వంతూ ఉంది. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు బి. రామచంద్రరావు అయనావరణ పరిశోధనకు పునాది వేసి, అనేకమంది శిష్యులను తయారుచేశారు. తిరుపతి సమీపంలోని గాదంకిలో 1990 దశకంలో నెలకొన్న ఎంఎస్‌టి రాడార్ ట్రోపో, స్ట్రాటో, మీసో ఆవరణాలను భూమి మీద నుంచే పరిశీలిస్తున్నది. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడే ఉంది. సూళ్లూరుపేట స్టేషన్‌కు తూర్పున, పులికాట్ సరస్సుకు ఆవల శ్రీహరికోట ఉంది. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి తొలుత ఎగిరినది చిన్న రోహిణి సౌండింగ్ రాకెట్. సౌండింగ్ రాకెట్ల పని ఉపగ్రహాలను కక్ష్యలో పెట్టడం కాదు, పై వాతావరణాన్ని తడిమి చూడటం. ముందు గాలిని తెలుసుకుని, తర్వాతనే ఉపగ్రహాన్ని పంపాలన్న వివేకం భారత అంతరిక్ష కార్యక్రమానికి ఆదిలోనే ఉంది. 1963లో తుంబాలో జరిగిన తొలి ప్రయోగం ఉద్దేశమూ అదే.

పలుచని గాలి, బరువైన మూల్యం

400 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత నేల మీది గాలి సాంద్రతతో పోలిస్తే లక్ష కోట్లలో కొన్ని వంతులు మాత్రమే. అంత పలుచని గాలిని లెక్కించడమెందుకన్న ప్రశ్న సహజం. అయితే ఆ ఎత్తున ఉపగ్రహం సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. రోజుకు పదిహేను పదహారు సార్లు భూమిని చుట్టివస్తుంది. అంతటి వేగం వల్ల ఆ స్వల్ప నిరోధమే క్షణక్షణం కూడి, కక్ష్యను కొద్దికొద్దిగా దిగలాగుతుంది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నెలకు సగటున రెండు కిలోమీటర్ల మేర కిందికి జారుతున్నది. ఎప్పటికప్పుడు ఇంధనం మండించి దానిని మళ్లీ పైకి నెట్టవలసి వస్తున్నది. అంతరిక్ష కేంద్రం నిర్వహణలో ఇది తప్పని ఖర్చు. భారతదేశం 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం నెలకొల్పాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆ కేంద్రానికీ ఈ ఖర్చు తప్పదు.

ఈ పాఠం దేశానికి కొత్తది కాదు. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్‌పై వెళ్లిన తొలి భారత ఉపగ్రహం ఆర్యభట సుమారు 600 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. బరంపురం దూరమంత ఎత్తు అది. దానిని ఎవరూ కూల్చలేదు, దారి మళ్లించలేదు. గాలి నిరోధమే పదిహేడేళ్లపాటు దానిని కిందికి దింపుకుంటూ వచ్చి, 1992 ఫిబ్రవరిలో బూడిద చేసింది. అదే సంవత్సరం మే నెలలో ఎ.ఎస్.ఎల్.వి. రాకెట్ శ్రీహరికోట నుంచి స్రాస్-సి ఉపగ్రహాన్ని తీసుకువెళ్లింది. దాని కక్ష్య కనిష్ఠ ఎత్తు 267 కిలోమీటర్లే. పర్యవసానంగా రెండు నెలలు తిరగకుండానే ఆ ఉపగ్రహం వాతావరణంలో పడిపోయింది. 1994లో అదే శ్రేణిలోని స్రాస్-సి2ను మరింత ఎగువ కక్ష్యలో నిలిపారు. అది 2001 వరకు మనగలిగింది. రెండు ఉపగ్రహాలూ ఒకే కుటుంబానికి చెందినవి. ఆయుర్దాయంలో ఇంత తేడాకు ప్రధాన కారణం ఎత్తులోని తేడాయే.

స్కైలాబ్ ఉదంతాన్ని తెలుగు పల్లెలు ఇప్పటికీ మరచిపోలేదు. అమెరికా 1973లో ప్రయోగించిన ఆ 77 టన్నుల కేంద్రం సుమారు 435 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. స్పేస్ షటిల్ సిద్ధమయ్యే వరకు అది పైనే ఉంటుందని లెక్కవేశారు. కాని సూర్యుని ఉధృతి అంచనాలను మించింది. వేడెక్కిన థర్మో ఆవరణం ఉబ్బి, నిరోధం పెరిగింది. షటిల్ 1981 వరకు ఎగరలేదు. స్కైలాబ్ 1979 జులై 11ననే కూలి, హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను శకలాలను వెదజల్లింది. ఈలోగా భూమి అంతమైపోతుందన్న వదంతులు ఇక్కడి గ్రామాలను వణికించాయి. మిగిలిన నాలుగు రోజులైనా కడుపునిండా తిందామని కోళ్లను, మేకలను కోసుకున్న కుటుంబాల కథలు ఆ తరం నోట నేటికీ వినవస్తాయి. 2021లో ఆ పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రం వచ్చింది. ఆ భయానికి మూలం అజ్ఞానమని పల్లెవాసులను నిందించడం తేలిక. తప్పిన అంచనా మాత్రం పల్లెవాసులది కాదు, నిపుణులది.

నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అదే పొరపాటు పునరావృతమైంది. 2022 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన స్పేస్‌ఎక్స్ సంస్థ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను తొలుత సుమారు 210 కిలోమీటర్ల ఎత్తున విడిచింది. అక్కడి నుంచి అవి క్రమంగా పైకి చేరాలి. మరునాడే భూ అయస్కాంత తుపాను తలెత్తింది. అది పెద్ద తుపానేమీ కాదు. అయినా ఆ ఎత్తున గాలి సాంద్రత పెరిగి నిరోధం అధికమైంది. నలభై దాకా ఉపగ్రహాలు తిరిగి వాతావరణంలో పడి కాలిపోయాయి. ప్రపంచంలోకెల్లా అనుభవం గల ప్రైవేటు సంస్థకే ఈ నష్టం వాటిల్లినప్పుడు, ఇప్పుడిప్పుడే అడుగులు వేస్తున్న భారత ప్రైవేటు సంస్థలకు పై వాతావరణ సూచనలు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

గీత లేని సరిహద్దు

వాతావరణం ఎక్కడ ముగుస్తుంది, అంతరిక్షం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్నకు ప్రకృతిలో గీసిన గీత లేదు. అంతర్జాతీయ వైమానిక క్రీడా సమాఖ్య 100 కిలోమీటర్లను సరిహద్దుగా పరిగణిస్తున్నది. ‘కార్మన్ రేఖ’గా పిలిచే ఆ ఎత్తు, తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఖరగ్‌పూర్ కన్నా దగ్గరే. అమెరికా ప్రభుత్వ సంస్థలు 50 మైళ్లు, అంటే 80 కిలోమీటర్లు దాటినవారినే వ్యోమగాములుగా గుర్తిస్తున్నాయి. 2022 నవంబర్ 18న హైదరాబాద్‌కు చెందిన స్కైరూట్ సంస్థ శ్రీహరికోట నుంచి ఎగురవేసిన విక్రమ్-ఎస్ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. ఒక లెక్క ప్రకారం అది అంతరిక్షాన్ని తాకింది. మరో లెక్క ప్రకారం తాకలేదు.

ఇది పండితుల వాదోపవాదం మాత్రమే కాదు. ఒక దేశపు గగనతలంపై ఆ దేశానికి సంపూర్ణ సార్వభౌమాధికారం ఉంది. అంతరిక్షం ఏ దేశానికీ సొంతం కాదని 1967 నాటి అంతరిక్ష ఒప్పందం చెబుతున్నది. రెంటికీ నడుమ సరిహద్దు ఏ ఎత్తున ఉందో మాత్రం ఆ ఒప్పందం చెప్పలేదు. 1976లో కొన్ని భూమధ్యరేఖా దేశాలు బొగోటాలో సమావేశమై తమ నెత్తిన ఉన్న భూస్థిర కక్ష్య తమదేనని ప్రకటించడానికి ఈ అస్పష్టత కూడా ఒక కారణం. ఇతర దేశాలు ఆ వాదనను అంగీకరించలేదు.

బాధ్యత విషయంలో మాత్రం అంతర్జాతీయ ఒప్పందాలు స్పష్టంగానే ఉన్నాయి. ప్రభుత్వేతర సంస్థల అంతరిక్ష కార్యకలాపాలకు కూడా ఆయా దేశాలదే బాధ్యత. 1972 నాటి బాధ్యతల ఒప్పందం ప్రకారం, అంతరిక్ష వస్తువు భూమిపై పడి నష్టం కలిగిస్తే, తప్పు ఎవరిదన్న విచారణ లేకుండానే ప్రయోగించిన దేశం పరిహారం చెల్లించాలి. 1978 జనవరిలో అణు రియాక్టర్ గల సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 కెనడా ఉత్తర ప్రాంతంలో కూలింది. కెనడా సుమారు 60 లక్షల డాలర్లు కోరగా, 1981లో సోవియట్ యూనియన్ 30 లక్షల కెనడా డాలర్లకు పరిష్కారం కుదుర్చుకుంది. భారతదేశం 2020లో ఈ రంగాన్ని ప్రైవేటు సంస్థలకు తెరిచింది. 2024లో విదేశీ పెట్టుబడుల నిబంధనలను సడలించింది. లాభం సంస్థలకు, నష్టపరిహారం ఖజానాకు అన్న స్థితి తలెత్తకుండా చూడవలసిన బాధ్యత పార్లమెంటుపై ఉంది. 2017లో వెలువడిన అంతరిక్ష కార్యకలాపాల ముసాయిదా బిల్లు ఏళ్ల తరబడి ముసాయిదాగానే మిగిలిపోయింది. 2023లో ప్రకటించిన భారత అంతరిక్ష విధానం స్వాగతించదగినదే. కాని విధానం చట్టానికి ప్రత్యామ్నాయం కాజాలదు.

చాందీపూర్ చెప్పిన పాఠం

షాలిమార్ నుంచి రెండువందల ముప్పై కిలోమీటర్లకు బాలాసోర్ వస్తుంది. దానికి సమీపాన చాందీపూర్, ఆవల సముద్రంలో అబ్దుల్ కలాం ద్వీపం ఉన్నాయి. 2019 మార్చి 27న ఆ ద్వీపం నుంచి బయలుదేరిన క్షిపణి, అదే ఏడాది జనవరిలో శ్రీహరికోట నుంచి ప్రయోగించిన మైక్రోశాట్-ఆర్ ఉపగ్రహాన్ని ఛేదించింది. ‘మిషన్ శక్తి’గా ప్రకటించిన ఈ ప్రయోగంతో ఆ సామర్థ్యం గల నాలుగో దేశంగా భారత్ నిలిచింది. లక్ష్యం ఎత్తు 300 కిలోమీటర్ల లోపే. ఆ ఎత్తున గాలి నిరోధం తగినంత ఉంటుంది కనుక శకలాలు త్వరలోనే రాలిపోతాయని ప్రభుత్వం వివరించింది. ఆ తర్కంలో వాస్తవం ఉంది.

చైనా 2007 జనవరి 11న ఇలాంటి ప్రయోగమే చేసింది. అప్పుడు పగిలిన ఉపగ్రహం ఎత్తు సుమారు 865 కిలోమీటర్లు. విశాఖపట్నం దూరమంత ఎత్తు అది. గుర్తించదగిన శకలాలు మూడు వేలకు పైగా వెలువడ్డాయి. వాటిలో అత్యధికం దశాబ్దం గడచినా కక్ష్యలోనే ఉండిపోయాయి. బాలాసోర్‌కూ భద్రక్‌కూ మధ్య దూరమంత ఎత్తున జరిగిన విస్ఫోటనానికి, విశాఖ దూరమంత ఎత్తున జరిగిన విస్ఫోటనానికి పర్యవసానాల్లో ఇంతటి అంతరం ఉంది. ఉపగ్రహం వాతావరణంలోని ఏ పొరలో, ఏ ఎత్తున ఉన్నదన్న విషయం ఎంత కీలకమో ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

అయినా ఆత్మసంతృప్తి తగదు. ఛేదన తాకిడికి కొన్ని శకలాలు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం కక్ష్యకు కూడా పైకి ఎగసిపోయాయని అమెరికా అంతరిక్ష సంస్థ అప్పట్లోనే ఆక్షేపించింది. వారాల్లో రాలిపోతాయని చెప్పిన శకలాల్లో చివరివి పడిపోవడానికి 2022 వరకు పట్టింది. 2021 నవంబర్‌లో రష్యా తన పాత ఉపగ్రహాన్ని పేల్చివేసినప్పుడు, సొంత వ్యోమగాములు సైతం ఉన్న అంతర్జాతీయ కేంద్రంలో సిబ్బంది ప్రాణరక్షణకు వ్యోమనౌకల్లోకి చేరవలసి వచ్చింది. ఇలాంటి విధ్వంసక పరీక్షలు ఇక జరపబోమని అమెరికా 2022 ఏప్రిల్‌లో ప్రకటించింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఆ మేరకు ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానం ఆమోదించగా, భారత్ ఓటింగుకు దూరంగా ఉండిపోయింది. సామర్థ్యాన్ని ఒకసారి నిరూపించుకున్న దేశానికి మరో పరీక్ష అవసరం ఏమిటన్నది ఆలోచించవలసిన విషయం. సొంత వ్యోమగాములను గగన్‌యాన్ ద్వారా 400 కిలోమీటర్ల ఎత్తుకు పంపదలచిన దేశం, ఆ దారిని శుభ్రంగా ఉంచే బాధ్యతలో అగ్రభాగాన నిలవాలి.

ప్రకృతి చీపురు బలహీనపడుతున్నది

వాడుకలో లేని ఉపగ్రహాలను, రాకెట్ తునకలను గాలి నిరోధమే ఊడ్చివేస్తుందన్న ధీమా ఇక చెల్లదు. బొగ్గుపులుసు వాయువు నేల దగ్గర వేడిని పెంచుతుందన్నది అందరికీ తెలిసిన విషయం. అదే వాయువు పై పొరల్లో వేడిని అంతరిక్షంలోకి వెదజల్లి, థర్మో ఆవరణాన్ని చల్లబరుస్తుంది. చల్లబడిన పొర కుంచించుకుపోతుంది. కుంచించుకుపోయిన పొరలో నిరోధం తగ్గుతుంది. శాస్త్రజ్ఞులు 1989లోనే ఈ పరిణామాన్ని ఊహించారు. తర్వాత ఉపగ్రహాల కక్ష్యల పరిశీలన దానిని బలపరిచింది. అంటే నేల మీద మండించే బొగ్గు, పెట్రోలు, ఆకాశంలోని చెత్త ఆయుష్షును పెంచుతున్నాయి.

ఊడ్చిన చెత్త ఎక్కడికి పోతుందన్నది మరో ప్రశ్న. ఉపగ్రహం కాలిపోవడమంటే మాయమైపోవడం కాదు. దానిలోని అల్యూమినియం, ఇతర లోహాలు సూక్ష్మ కణాలుగా మారి పై పొరల నుంచి కిందికి దిగుతాయి. ఓజోను కవచం గల స్ట్రాటో ఆవరణంలోని గంధకామ్ల కణాల్లో పదింట ఒక వంతు వరకు వ్యోమనౌకల లోహాలు కలిగి ఉన్నాయని 2023లో అమెరికా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. వేలాది ఉపగ్రహాల సముదాయాలు నింగికెగసి, అయిదారేళ్లకొకసారి కాలిపోయే ఈ రోజుల్లో, ఆ కణాల ప్రభావం ఏమిటో ముందే తేల్చుకోవడం విజ్ఞత. క్లోరోఫ్లోరో కార్బన్ల విషయంలో ప్రపంచం ఆలస్యంగా మేల్కొన్న అనుభవం ఉండనే ఉంది.

చేయవలసినవి

భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఈ విషయంలో మంచి అడుగులే వేసింది. 2011లో ఫ్రాన్స్ సహకారంతో ప్రయోగించిన మేఘా-ట్రోపిక్స్ ఉపగ్రహం దాదాపు 867 కిలోమీటర్ల ఎత్తున ఉండేది. దానిని అలాగే వదిలేస్తే వందేళ్లకు పైగా అక్కడే తిరుగుతుంది. మిగిలిన ఇంధనాన్ని మండించి క్రమంగా కిందికి దించి, 2023 మార్చి 7న పసిఫిక్ మహాసముద్రంపై వాతావరణంలో ప్రవేశపెట్టారు. 2007 నాటి కార్టోశాట్-2ను కూడా అదే రీతిలో కిందికి దించగా, సహజంగా పట్టవలసిన ముప్పై ఏళ్లకు బదులు 2024 ఫిబ్రవరిలోనే అది కాలిపోయింది. 2030 నాటికి భారత ప్రభుత్వ, ప్రైవేటు ప్రయోగాలన్నింటినీ శకలరహితం చేయాలన్న లక్ష్యాన్ని 2024లో సంస్థ ప్రకటించింది.

అయితే ప్రకటన స్వచ్ఛందమైనంత కాలం దానికి బలం ఉండదు. ఉపగ్రహాన్ని దించడానికి ఇంధనం మిగల్చడమంటే, అంతమేర దాని సంపాదన కాలాన్ని తగ్గించుకోవడమే. లాభాపేక్ష గల సంస్థ తనంత తానుగా ఆ త్యాగం చేస్తుందని ఆశించరాదు. అందువల్ల కాలం చెల్లిన ఉపగ్రహాన్ని నిర్ణీత గడువులో కక్ష్య నుంచి తొలగించడాన్ని, మూడో పక్షానికి కలిగే నష్టానికి బీమాను తప్పనిసరి చేస్తూ చట్టం తేవాలి. ఎంత ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి ఎంత గడువు అన్నది గాలిపొరల శాస్త్రం ఆధారంగా నిర్ణయించాలి. 400 కిలోమీటర్ల ఎత్తునకు, 800 కిలోమీటర్ల ఎత్తునకు ఒకే నిబంధన పెట్టడం అశాస్త్రీయం.

రెండవది, పై వాతావరణ పరిశోధనకు విశ్వవిద్యాలయాల్లో నిలకడగా నిధులు అందాలి. రాకెట్ ఎగిరిన రోజున దేశమంతా చప్పట్లు కొడుతుంది. ఏళ్ల తరబడి ప్రతిధ్వనులు లెక్కించే రేడియో కేంద్రానికి అలాంటి చప్పట్లు ఉండవు. బడ్జెట్ కోతల్లో మొదట గురయ్యేది అలాంటి మౌన పరిశోధనే. కలకత్తా, వాల్తేరు, గాదంకి వంటి చోట్ల పోగుపడిన అనుభవం ఒక తరం విరామంతో చెదిరిపోతే తిరిగి కూడగట్టడం కష్టం. 2023 సెప్టెంబర్‌లో ప్రయోగించిన ఆదిత్య-ఎల్1 సూర్యుణ్ణి గమనిస్తున్నది. అది పంపే సమాచారాన్ని థర్మో ఆవరణం సాంద్రతకు, అక్కడి నుంచి ఉపగ్రహాల కక్ష్యలకు అన్వయించే నిపుణులు నేల మీద ఉన్నప్పుడే ఆ వ్యయం సార్థకమవుతుంది. 2024 మే నెలలో రెండు దశాబ్దాల్లోకెల్లా తీవ్రమైన భూ అయస్కాంత తుపాను వచ్చింది. ఆ హెచ్చరిక చాలు.

మూడవది, ప్రజలకు తెలియజెప్పడం. 1979 నాటి భయాందోళనలకు కారణం సమాచారం లేకపోవడం. నేడు సమాచారానికి కొదవ లేదు, నమ్మదగిన సమాచారానికే కొదవ. పెద్ద శకలమేదైనా కూలుతున్నప్పుడు ఎప్పుడు, ఎక్కడ, ఎంత ప్రమాదమన్నది తెలుగుతో సహా ప్రాంతీయ భాషలన్నింటిలో అధికారికంగా ప్రకటించే ఏర్పాటు ఉండాలి. పాఠశాల పుస్తకాల్లో వాతావరణ పొరల బొమ్మ ఇప్పటికీ ఉంది. అందులో ఏ ఉపగ్రహం ఎక్కడ తిరుగుతుందో, ఎందుకు పడిపోతుందో కూడా గుర్తించి చూపితే, బట్టీ పట్టే పాఠం బతుకుకు పనికివచ్చే పాఠమవుతుంది.

తాగునీరు, ఆసుపత్రులు చాలని దేశానికి ఆకాశపు చెత్తపై ఇంత చర్చ అవసరమా అనేవారు ఉన్నారు. ప్రశ్న న్యాయమైనదే. కాని తుపాను హెచ్చరిక అందుకుని ఒడ్డు చేరే మత్స్యకారుడు, పంట విస్తీర్ణం అంచనా వేసే వ్యవసాయశాఖ, మారుమూల బ్యాంకు శాఖ అందరూ ఆ ఉపగ్రహాలపైనే ఆధారపడి ఉన్నారు. ఉన్న ఆస్తిని కాపాడుకోవడం ఆడంబరం కాదు, పొదుపు.

2023 జూన్ 2న షాలిమార్ నుంచి బయలుదేరిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఆ సాయంత్రం బాలాసోర్ సమీపాన బహనాగా బజార్ వద్ద, సిగ్నలింగ్ లోపం కారణంగా పక్క లైనులోకి మళ్లి, నిలిచి ఉన్న సరకుల బండిని ఢీకొంది. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పట్టాలపై పరుగెత్తే ప్రతి బండికీ ఆ దారిలో మరేది నిలిచి ఉందో ముందే తెలియాలన్న నియమం ఎంత ప్రాణాధారమైనదో ఆ దుర్ఘటన చాటింది. ఆ మార్గాన్ని నిలువుగా నిలిపితే కనిపించే ఎత్తుల్లో నేడు వేలాది ఉపగ్రహాలు, లెక్కకు మిక్కిలి శకలాలు పరుగెడుతున్నాయి. వాటికి పట్టాలు లేవు, గేట్లు లేవు. ఉన్నది పలుచని గాలి, దాని గురించి శిశిర్ కుమార్ మిత్రా వంటివారు కూడబెట్టిన జ్ఞానం మాత్రమే. ఆ జ్ఞానాన్ని చట్టంగా, నిధులుగా, హెచ్చరిక వ్యవస్థగా మలచుకోవడంలో జరిగే జాప్యానికి మూల్యం చెల్లించవలసింది రేపటి వ్యోమగాములు, నేటి పన్ను చెల్లింపుదారులు. ప్రభుత్వం ఇకనైనా మేల్కొనాలి.